నేను వాక్యం చదివిన రోజు

నా జీవితంలో నాలుగు వందల మందిని ఒకేసారి మోసం చేసింది ఒక్కసారే. అది కూడా దేవుడి ఎదట, మైకులో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని. ఎవరి ఇల్లూ కూలలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఇప్పటికీ ఎవరైనా మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, నా అరచేతుల్లో చెమట పడుతుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరు నవ్వండి. నాకు నవ్వు రావడానికి మాత్రం ఏడాది పైనే పట్టింది.

ముందు నా పాత నేరం ఒకటి ఒప్పుకోవాలి. అది లేకపోతే ఈ కొత్త నేరం జరిగేది కాదు.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాత చీపురుపల్లి నుంచి వచ్చి ఇక్కడ లైను మీద పనిచేశాడు. నాన్న గూడ్స్ గార్డు. బొగ్గు బండి చివరి డబ్బాలో ఒక్కడే కూర్చుని పచ్చ జెండా ఊపే ఉద్యోగం. ఏ వేళకి డ్యూటీ పిలుపు వస్తుందో, ఏ వేళకి ఇంటికొస్తారో ఆయనకే తెలిసేది కాదు. ఇంట్లో మేం తెలుగే మాట్లాడేవాళ్ళం. బడిలో హిందీ, బజారులో హిందీ, కొట్లాటలో ఛత్తీస్‌గఢీ. ఇక తెలుగు అక్షరాలంటారా, నా కంటికి అవి పళ్ళెంలో వరసగా పేర్చిన చేగోడీలూ జంతికలూ. చూడముచ్చటగా ఉండేవి. తినడానికి తప్ప చదవడానికి పనికొస్తాయని అనిపించేది కాదు.

అలా అనిపించకూడదనే నాన్న నన్ను కాలనీలో జరిగే ఆదివారం తెలుగు క్లాసుకి పంపించారు. మూడేళ్ళు పంపించారు. మూడేళ్ళూ నేను ఇంట్లోంచి బయలుదేరాను. క్లాసుకి చేరలేదు, అంతే తేడా. దారిలో రైల్వే గ్రౌండు ఉంది. గ్రౌండులో క్రికెట్ ఉంది. నన్ను తప్పుపట్టే ముందు గ్రౌండుని అక్కడ కట్టించిన వాళ్ళని అడగండి.

"ఏటిరా, అక్షరాలు వచ్చాయా?" అని నాన్న అడిగేవారు.

"వచ్చేశాయి నాన్నా. ఇప్పుడు ఒత్తులు నడుస్తున్నాయి."

ఒకసారి పరీక్ష పెట్టడానికి పెళ్ళి శుభలేఖ నా చేతిలో పెట్టారు. నేను తడుముకోలేదు. శుభలేఖని చూడకుండా కూడా చదవొచ్చు! "శ్రీరస్తు, శుభమస్తు" అన్నాను. "బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి" అన్నాను. పెళ్ళికొడుకు పేరు దగ్గర దగ్గొచ్చినట్టు నటించాను. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను సిగ్గుపడాల్సింది. బదులుగా, పట్టుబడకుండా తప్పించుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. పాపం చేసేవాడికి మొదటి విజయమే మొదటి శిక్ష అని అప్పట్లో తెలియదు.

ఇంతలో పన్నెండో తరగతి ఫలితాలొచ్చాయి. నా మార్కులు చూసి రెండు కాలేజీలు మర్యాదగా తల అడ్డంగా ఊపాయి. మిగిలింది మిషనరీలు పెట్టిన క్రిస్టియన్ కాలేజీ. దాని పేరు చెప్పను, పాపం దాని తప్పేమీ లేదు. నాన్న డ్యూటీ దిగిన బట్టలతోనే నన్ను ప్రిన్సిపాల్ గారి గదికి తీసుకెళ్ళారు. అక్కడ మాటలన్నీ హిందీలో నడిచాయి, మీకోసం తెలుగు చేస్తున్నాను.

ప్రిన్సిపాల్ నెరిసిన జుట్టు పెద్దమనిషి. నా మార్కుల కాగితం చూసి, అటు తిప్పి, వెనకాల ఇంకేమైనా రాసి ఉందేమోనని వెతికారు.

"గార్డు సాహెబ్, మార్కులు కొంచెం తక్కువ."

"కొంచెం కాదు సార్, బాగా తక్కువ," అన్నారు నాన్న. ఆయనకి అబద్ధం ఆడటం రాదు. అది ఆయన నాకు ఆస్తిగా ఇవ్వలేకపోయారు.

"పోనీ, మీవాడికి వేరే ఏమైనా వచ్చా? ఆటలా, పాటలా?"

నాన్న కాసేపు నన్ను చూశారు. నాలో ఏమైనా దొరుకుతుందా అని వెతుకుతున్న చూపు అది. తర్వాత ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"మూడు భాషలు చదువుతాడు సార్. హిందీ, ఇంగ్లీషు, తెలుగు. మూడేళ్ళు ఆదివారం క్లాసుకెళ్ళాడు. ఒక్క రోజు నాగా లేదు."

ప్రిన్సిపాల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"తెలుగు చదువుతాడా? గార్డు సాహెబ్, మా దగ్గర ఒక ఆచారం ఉంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలు వచ్చాక మొదటి పెద్ద ఆరాధనలో, కాలేజీలో ఎన్ని భాషల వాళ్ళుంటే అన్ని భాషల్లో వాక్యం, అంటే బైబిల్లో ఒక భాగం, చదివిస్తాం. ఏ మతం వాళ్ళైనా సరే. హిందీ, ఒడియా, మలయాళం అన్నీ ఉంటాయి. తెలుగు మాత్రం పదకొండేళ్ళుగా లేదు. మీ పిల్లలు వస్తారు, మాట్లాడతారు, చదవమంటే రాదంటారు."

"మావాడు చదువుతాడు సార్. పూచీ నాది."

"అచ్ఛా. మీ మాట మీద సీటు ఇస్తున్నాను."

నాన్న చేయి నా భుజం మీద పడింది. అది ఎంత బరువుందో మీకు చెప్పలేను. బొగ్గు బండి మొత్తం నా భుజం మీద ఆగినట్టుంది. అప్పుడే, ఆ గదిలోనే, "నాన్నా, నాకు రాదు" అని మూడు ముక్కలు అనేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అనలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసులో దిగి, చేపలు పడుతున్నట్టు అందులోనే నిలబడ్డాను.

ఆరాధన ఇంకా రెండు వారాలుంది. ఆ రెండు వారాలూ కాలేజీలో నాకు ఏదీ అర్థం కాలేదు. మొదటి రోజు కాలేజీ లోపలి ప్రార్థన మందిరం గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ బూట్లు విప్పేశాను. నా వెనకున్న వాడు నన్ను చూసి విప్పాడు. వాడిని చూసి వాడి వెనకవాడు. అయిదు నిమిషాల్లో గుమ్మం ముందు చెప్పుల కొట్టు వెలిసింది. లోపలికెళ్ళి చూస్తే పాత విద్యార్థులందరూ బూట్లతో ఉన్నారు. మేం ముప్ఫైమందిమి మేజోళ్ళతో. నా ఎడమ మేజోడుకి బొటనవేలు దగ్గర కిటికీ కూడా ఉంది.

గోడ మీద ఒక చెక్కపలక, దాని మీద మూడు అంకెలు. పరీక్ష తప్పినవాళ్ళ నంబర్లేమోనని నా రోల్ నంబరు వెతుక్కున్నాను. పక్కనున్న సుశీల్ మసీహ్ చెవిలో చెప్పాడు, "పాటల నంబర్లు భాయ్. పుస్తకం తెరువు." తెరిచేసరికి అందరూ లేచారు. నేను లేచేసరికి అందరూ కూర్చున్నారు. ప్రార్థన అంటే కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. తెరిచి చూస్తే గది మొత్తంలో కళ్ళు తెరిచినవాళ్ళం ఇద్దరమే, నేనూ ప్రిన్సిపాలూ. ఆయన నన్నే చూస్తున్నారు. కంగారులో "ఆమెన్" అనేశాను. ప్రార్థన ఇంకా సగంలో ఉంది.

"ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎలా తెలుస్తుందిరా?" అని సుశీల్‌ని అడిగాను.

"నన్ను చూడు, చాలు."

చూశాను. రెండు వారాలు వాడి నీడలా బతికాను. వాడు తుమ్మితే నేనూ తుమ్మాలేమో అన్నంత అయోమయం.

ఇక వాక్యం సంగతి. ఏ భాగం చదవాలో ప్రిన్సిపాల్ చీటీ మీద రాసిచ్చారు. నా బుర్ర అప్పుడు మెరుపులా పనిచేసింది. చెడ్డ పనులకి అది ఎప్పుడూ అలాగే పనిచేస్తుంది. పక్క క్వార్టరు వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ దగ్గర తెలుగు గ్రంథం అడిగి తెచ్చాను. నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ ముందు పెట్టాను.

"అమ్మా, నువ్వు పైకి చదువు. నేను ఎలా పలకాలో రాసుకుంటాను."

అమ్మ అయిదో తరగతి దాకా బొబ్బిలిలో చదివింది. కూడబలుక్కుంటూ చదివింది. "ఇదేటిరా, ప్రతి మాటకీ 'చున్నాను' అంటాడు ఈయన?" అని మధ్యలో ఆగింది. "అచ్ఛా, పెద్దోళ్ళు అలాగే మాట్లాడతారేమోలే." నేను ఆమె చదివినదంతా హిందీ అక్షరాల్లో ఇంకో చీటీ మీదికి ఎక్కించాను. చదువొచ్చి కూడా ఇంత శ్రద్ధ చూపిస్తున్న కొడుకుని చూసి అమ్మ కళ్ళు చెమర్చాయి. నా కళ్ళు చీటీ మీదే ఉన్నాయి.

చీటీని గ్రంథంలో పేజీల మధ్య పెట్టాను. కోటి విద్యలు కూటి కొరకే అంటారు, నా కోటి విద్యలూ సీటు కొరకే.

ఆరాధన రోజు పొద్దున్న నాన్నకి డ్యూటీ పిలుపొచ్చింది. ఆయన సెలవు పెట్టుకున్నారు, అయినా మనుషులు తక్కువై పిలిచారు. బూట్లు తొడుక్కుంటూ ఆయన పడిన బాధ చూసి నాకు జాలేసింది. ఆ జాలి వెనకాలే సంతోషం కూడా వేసింది. కాలేజీలో ఆ ఏడు తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, నా తెలుగు వినడానికి రాబోయిన ఒకే ఒక్క మనిషి బొగ్గు బండెక్కి వెళ్ళిపోతున్నాడు కదా!

"బేగి బేగి చదివేయకు," అన్నారు గుమ్మంలో నిలబడి. "నిమ్మళంగా చదువు. అక్కడ నా మాట ఉంది."

"అలాగే నాన్నా."

సదర్ బజార్‌లో కొన్న కొత్త తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. ఈసారి బూట్లు విప్పలేదు. మందిరం నిండిపోయి ఉంది. ఒడియా అబ్బాయి చదివాడు, మలయాళం అమ్మాయి చదివింది. తర్వాత ప్రిన్సిపాల్ మైకులో అన్నారు, "పదకొండేళ్ళ తర్వాత ఈ మందిరంలో తెలుగు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను గ్రంథం గుండెకి హత్తుకుని మెట్లెక్కాను. మెట్ల మీదే ప్రిన్సిపాల్ ఎదురొచ్చారు.

"ఇది వద్దు బేటా," అని నా చేతిలో గ్రంథం ప్రేమగా తీసేసుకున్నారు. "మన మందిరానికి సొంత తెలుగు గ్రంథం ఉంది. నీకోసం బీరువాలోంచి తీయించాను. పేజీ కూడా తెరిపించి పెట్టాను."

ఆయన వెళ్ళి ముందు వరసలో కూర్చుని, నా గ్రంథాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. చీటీ దాని కడుపులో ఉంది. నా ప్రాణం కూడా అందులోనే ఉంది.

ఎదురుగా ఉన్న గ్రంథం వైపు చూశాను. పళ్ళెం నిండా చేగోడీలు. అమ్మ చదివినదాంట్లో ఒక్క ముక్క గుర్తొస్తుందేమోనని వెతికాను. 'చున్నాను' ఒక్కటే దొరికింది. వెనక గొయ్యి, ముందు ప్రిన్సిపాల్ సాహెబ్ కుర్చీ. నాలుగు వందల మంది చూస్తున్నారు. ఎక్కడో బొగ్గు బండి వెనక డబ్బాలో కూర్చుని, ఈపాటికి చదువుతూ ఉంటాడని నాన్న గడియారం చూసుకుంటూ ఉంటారు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. నేను తెరవలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏటా వేసవిలో మేం తాత ఊరెళ్ళేవాళ్ళం. విజయనగరంలో దిగి, పాసింజరు కోసం గంటల తరబడి స్టేషన్లో కూర్చునేవాళ్ళం. గ్రాంథిక తెలుగులో నేను చిన్నప్పటినుంచి శ్రద్ధగా విన్నది ఒక్కటే, ఆ స్టేషన్ మైకు. దాన్ని అనుకరించి కాలనీ పిల్లల్ని నవ్వించేవాణ్ణి.

"దయచేసి వినండి," అన్నాను, గంభీరంగా.

మందిరం చెవులు రిక్కించింది.

"విజయనగరము నుండి... నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు మీదుగా... పలాస వరకు వెళ్ళునది... మరి కొద్ది సేపటిలో..."

వాక్యంలో ఊళ్ళ పేర్లు చాలా వస్తాయని సుశీల్ చెప్పి ఉన్నాడు. నిజమే, ఎవరూ ఉలకలేదు. గరివిడి ఎక్కడో పవిత్ర భూమిలో ఉందనుకున్నట్టున్నారు. కానీ ముందు 'ప్లాట్‌ఫారం' ఎర్ర సిగ్నల్లా నిలబడి ఉంది. ఆ మాట అంటే పట్టుబడిపోతాను.

"...మూడవ దానిపైకి... వచ్చుచున్నది!"

ముందు వరసలో ఒక టీచరమ్మ కళ్ళు మూసుకుంది. నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం కాదు, పిచ్చి.

"పట్టాలు దాటుట ప్రమాదకరము! దాటినవారు శిక్షింపబడుదురు! పై వంతెనను మాత్రమే ఉపయోగింపవలెను. అపరిచితులు ఇచ్చు తినుబండారములను స్వీకరింపరాదు. మీ వస్తువులకు మీరే బాధ్యులు."

ప్రిన్సిపాల్ నెమ్మదిగా తలూపుతున్నారు. ఎంత సేపు చదవాలో తెలియలేదు. మలయాళం అమ్మాయి ఎంతసేపు చదివిందో గుర్తు తెచ్చుకుని, ఊళ్ళన్నీ ఇంకోసారి చదివాను, ఈసారి వెనక నుంచి ముందుకు. అప్పటికి నా మీద నాకే ఏడుపొచ్చింది. చివరి మాటకి గొంతు నిజంగానే వణికింది.

"మీకు కలిగిన అసౌకర్యమునకు... మిక్కిలి చింతించుచున్నాము."

"ఆమెన్!" అంది మందిరం ముక్తకంఠంతో.

కిందికి దిగుతుంటే ప్రిన్సిపాల్ నా చేయి పట్టుకుని నొక్కారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. భూమి రెండుగా చీలితే బాగుండుననుకున్నాను. బిలాస్‌పూర్ భూమి గట్టిది, చీలలేదు.

ఆరాధన అయ్యాక జనంలో కలిసి జారిపోబోతుంటే గుమ్మం దగ్గర ఒక చేతికర్ర నా దారికి అడ్డంగా పడింది. కర్ర వెనకాల తెల్లచీర కట్టుకున్న ముసలావిడ. కళ్ళకి పొరలు కమ్మి ఉన్నాయి.

"సదివిన గుంటడివి నువ్వేనా?"

తెలుగు!

"అవునండీ," అన్నాను.

"ఏ బండికొచ్చావు నాయినా? పలాస పాసింజరుకేనా?"

ఆవిడ పేరు మార్తమ్మ. పార్వతీపురం మనిషి. అదే కాలేజీ హాస్టల్లో ముప్ఫై ఏళ్ళు మేట్రన్‌గా పనిచేసి, దయాల్‌బంద్ పేటలో ఒక గదిలో ఉంటోంది. ఈసారి తెలుగు చదువుతారని తెలిసి రిక్షా కట్టించుకుని వచ్చింది.

"మామ్మా, చెప్పకండి మామ్మా," అని అక్కడే చేతులు పట్టుకున్నాను. క్రికెట్ దగ్గర్నుంచి చీటీ దాకా అంతా కక్కేశాను. "సీటు పోతుంది. సీటు పోతే పోయింది, మా నాన్న మాటిచ్చారు. ఆయనకసలు తెలీదు."

ఆవిడ కర్రని గోడకి ఆనించింది.

"పదకొండేళ్ళయిందిరా, ఈ మందిరంలో తెలుగు ఇని," అంది. "ఇప్పుడు ఇనబడింది. అదీ స్టేషను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట అన్నాక ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రెండూ ఒకేసారి చూశాక నాకు మొదటిసారి అర్థమైంది. అప్పటిదాకా నా భయమంతా పట్టుబడటం గురించే. ఎవరైనా నొచ్చుకుంటారన్న ఆలోచనే రాలేదు.

"నేను సెప్పను. మీ అయ్యకి సెప్పాల్సింది నువ్వు, నేను కాదు. ఎప్పుడు సెప్తావో నీ ఇష్టం. కానీ రేపు సాయంత్రం నుంచి మా ఇంటికొచ్చి నాకు వాక్యం సదివి ఇనిపించాల."

"నాకు చదవడం రాదు కదా మామ్మా!"

"నాకు కనబడదు కదా. మనిద్దరం కలిస్తే ఒక మనిషవుతాదిలే. బేగి రా, ఆలస్యం సెయ్యకు."

మరునాడు సైకిలేసుకుని దయాల్‌బంద్ వెళ్ళాను. ఆవిడ మంచం మీద, నేను కింద చాప మీద, మధ్యలో గ్రంథం. బోధన ఇలా సాగింది.

"మొదటి అచ్చరం ఎలాగుంది?"

"గుండ్రంగా ఉంది మామ్మా. నెత్తి మీద టిక్కు పెట్టారు."

"కడుపులో సుక్క ఉందా?"

"లేదు."

"అయితే ర. సుక్కుంటే ఠ. తరవాతది?"

"రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టినట్టుంది. చివర కొమ్ము లేచింది."

"య. కాదంటే మ. సరిగ్గా సూసి సెప్పు."

"అదే మామ్మా తెలీడం లేదు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి."

"మీ క్రికెట్లో ఎవడు కొట్టాడో దూరం నుంచే తెలుస్తాది గాని, ఇది తెలీదేటి?"

మొదటి వారం ఒక్క వాక్యం పూర్తయింది. రెండో వారం అది తప్పని తేలింది. ఒత్తు కింద ఉంటే దేనికి ఒత్తో తెలియక మాట తప్పు చదివి, ఒకరోజు ఒక మహాభక్తుడి చేత నేను చేయించకూడని పని చేయించాను. మార్తమ్మ మామ్మ మంచం మీద పొర్లి పొర్లి నవ్వి, "దేవుడా, ఈణ్ణి చమించు, ఈడికి ఒత్తులు తెలీవు," అంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగుతుంది. పెళపెళమని శబ్దం మాత్రం వస్తుంది.

వానాకాలం, చలికాలం, ఎండాకాలం పోయాయి. నాన్నకి చెప్పాలని ప్రతి రోజూ అనుకున్నాను. ప్రతి రోజూ ఆయన డ్యూటీలో ఉండేవారు, లేదా పడుకుని ఉండేవారు, లేదా మెలకువగా ఉండేవారు. దేనికీ ముహూర్తం కుదరలేదు. ఆయన మాత్రం కాలనీ అంతటా చెప్పుకునేవారు, "మావాడు కాలేజీలో తెలుగు చదివితే ప్రిన్సిపాల్ సాహెబ్ ఏడ్చేశారు." అది నిజమే. అందుకే వినలేకపోయేవాణ్ణి.

మళ్ళీ ఆరాధన వచ్చింది. కొత్త తెలుగు పిల్లలెవరూ చేరలేదు. "నువ్వే చదవాలి" అన్నారు ప్రిన్సిపాల్. ఈసారి నాన్నకి డ్యూటీ పడలేదు. ముందు వరసలో ఆయన, పక్కన మార్తమ్మ మామ్మ. నేను మెట్లెక్కి, గ్రంథం తెరిచి, నా కళ్ళతో నేను చదివాను. రెండుచోట్ల తడబడ్డాను, ఒక చోట దీర్ఘం మింగాను. ఒక్క బండి కూడా రాలేదు. పూర్తయ్యాక చూస్తే మామ్మ పెదాలు కదులుతున్నాయి, నాతో పాటే పలికినట్టుంది.

బయటికొచ్చాక నాన్న నన్ను చూసి ఏదో అనబోయేలోపల ప్రిన్సిపాల్ వచ్చి నా వీపు తట్టారు.

"బాగుంది బేటా. కానీ నిజం చెప్పనా? పోయినేడాదిది ఇంకా బాగుంది. ఎంత అనుభూతి! చివర్లో నీ గొంతు వణికిందే, నేను మరిచిపోలేను."

నాన్న ఆనందంగా మార్తమ్మ మామ్మ వైపు తిరిగారు. "మీరూ ఉన్నారటగా అమ్మా అప్పుడు. ఇంతకన్నా బాగా చదివాడా?"

"నన్నడక్కు నాయినా," అంది మామ్మ. "నాకు అబద్ధం రాదు. ఆడినే అడుగు."

నాన్న నా వైపు తిరిగారు. ప్రిన్సిపాల్ కూడా తిరిగారు. ఏడాదిగా కుదరని ముహూర్తం అక్కడ, ఎండలో కుదిరింది. నాన్నకి తెలుగులో, ప్రిన్సిపాల్‌కి హిందీలో చెప్పాను. గ్రౌండు, శుభలేఖ, చీటీ, నెల్లిమర్ల, గరివిడి, అన్నీ. ఒక తప్పుని రెండు భాషల్లో ఒప్పుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. రెండోసారి చెప్పేటప్పుడు అది ఇంకా పెద్దదవుతుంది.

నాన్న మొహం మీద వెలుగు ఆరిపోవడం దగ్గరనుంచి చూశాను. ఆయన చేతులు జోడించారు.

"సార్, నేనిచ్చిన మాట తప్పు మాట. తెలియక ఇచ్చాను. సీటు మీ ఇష్టం."

ప్రిన్సిపాల్ గోడ పట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ నవ్వారు. "నేను... ఆమెన్ అన్నాను గార్డు సాహెబ్! అందరికన్నా గట్టిగా!" అన్నారు. కాసేపటికి తేరుకున్నారు. "మీవాడు తెలుగు చదువుతాడని మాటిచ్చారు. ఇప్పుడే చదివాడు, నేను విన్నాను. ఏడాది లేటు. రైళ్ళ ఊళ్ళో ఉంటున్నాం, లేటుకి సీటు రద్దు చేస్తామా?"

సీటు నిలిచింది. నాన్న మాటా నిలిచింది. నాన్న మాత్రం నాతో మాట్లాడలేదు. స్కూటరు వెనక కూర్చుని తెలిపారా బజారు దాటాను, మాట లేదు. స్టేషన్ రోడ్డు దాటాను, మాట లేదు. ఆ వీపుని చూస్తూ, తిట్టండి నాన్నా అని లోపల బతిమాలుకున్నాను. మా క్వార్టరు ముందు స్కూటరు ఆపి, తాళం తీసి, నా వైపు తిరిగారు.

"పలాస పాసింజరు ఏ ప్లాట్‌ఫారం మీదికన్నావు?"

"మూడు నాన్నా."

"మూడా!" ఆయన గొంతు లేచింది. "ఏటేటా ఆ బండెక్కుతాం. ఎప్పుడైనా మూడో నంబరు మీద ఎక్కామేటిరా? ఒకటో నంబరు! ఇరవయ్యారేళ్ళ సర్వీసు నాది. నా కొడుకు దేవుడి ఎదట నిలబడి, నాలుగు వందల మంది పాసింజర్లని తప్పు ప్లాట్‌ఫారం మీదికి పంపిస్తాడా?"

అని, నవ్వు ఆపుకోలేక లోపలికెళ్ళిపోయారు. ఆ నవ్వుతో నాకు శిక్ష పూర్తయింది.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, మార్తమ్మ మామ్మ చేతికర్ర మీద ఒట్టేసి శపథం చేస్తున్నాను. నాకు రానిది వచ్చినట్టు ఈ జన్మలో ఇక నటించను. గత్యంతరం లేక నటించవలసే వస్తే, ప్లాట్‌ఫారం నంబరు ముందుగా మా నాన్నని అడిగి మరీ నటిస్తాను.